వెట్టిచాకిరియు తెలంగాణపు అంతర్యుద్ధమును

మా వారు బడిపంతులు. పరీక్షల దినములలో మా యింటి నడవ యంతయు జవాబు పత్రములతో నిండియుండును. దీపములు పెట్టిన పిమ్మట వారు దిద్దుచుండగా మేము ప్రక్కన గూర్చుండి మార్కులు కూడుచుందుము. మొన్నటి పరీక్షలలో నొక బాలిక అమెరికా దేశపు అంతర్యుద్ధమును గూర్చి చక్కగా వ్రాసినది. 1861వ సంవత్సరమున యుద్ధ మారంభమగుట, 1863 జనవరిలో అధ్యక్షుడు లింకను దాస్యవిమోచన ప్రకటన చేయుట, 1865లో దక్షిణ రాష్ట్రములు లొంగిపోవుట, ఆ సంవత్సరపు చివర దాస్యమును నిషేధించు రాజ్యాంగ సవరణ అమలునకు వచ్చుట, అన్నియు సరిగానే యున్నవి. చివర తన మాటగా నొక వాక్యము చేర్చినది: మన దేశములో నిటువంటి బానిసలు లేరు గనుక ఇటువంటి యుద్ధమును జరుగలేదు. మా వారు ఎఱ్ఱకలము నెత్తి, చాలసేపు అట్లే పట్టుకొని, తుదకు ఏమియు గీయక ప్రక్కన బెట్టిరి.

"ఇది తప్పని కొట్టివేసినచో, ఒప్పు ఎవరు చెప్పినారని యీ పిల్ల అడుగదా?" అనిరి.

ఆ బాలికది జనగామ ప్రాంతము.

ఈ మాసము వేసవి ఊరగాయలను గూర్చి వ్రాయుదుమని సోదరీమణులకు మాట యిచ్చియుంటిమి. మామిడికాయ యింకను లేతగానే యున్నది. ఒక నెల యాగినను చెడిపోదు. ఆ బాలిక వాక్యము మాత్రము మమ్ము నిలువనీయలేదు. దానికి జవాబు మా యింటిలోనే యున్నదని మేమెఱుగుదుము గనుక.

మా తండ్రిగారు మాకు చదువు చెప్పినది భారతముతో. ఆదిపర్వములోని కద్రూవినతల కథ మొదటిసారి వినిననాడు మేము అన్నము తినలేదని మా తల్లి చెప్పుచుండెడిది. గుఱ్ఱపు తోక తెలుపా నలుపా యని అక్కచెల్లెండ్రు పందెము వేసికొందురు. కద్రువ కుమారులగు పాములు తోకకు చుట్టుకొని దానిని నల్లగా చూపును. మోసపోయిన వినత కద్రువకు దాసి యగును. ఆమె కడుపున బుట్టిన గరుత్మంతుడు సవతితల్లి బిడ్డలను వీపున మోయుచు మోయుచు ఒకనాడు తల్లిని అడుగును: ఇంత బలము గల నేను వీరిని ఏల మోయవలెను? ఆ ప్రశ్న పుట్టువరకు దాస్యము దాస్యముగా దోచదు. ఇంటి ఆచారమువలె, ఊరి కట్టువలె నుండును. మా తెలంగాణమున వెట్టి యనునది సరిగా నట్టిదే.

వెట్టి యనగా కూలి లేని పని. అమెరికాలోవలె ఇచ్చట మనుష్యుని అంగడిలో నిలిపి వేలము వేయలేదు. వేయవలసిన యవసరము లేకపోయెను. పుట్టిన కులమే పత్రము, పుట్టిన యూరే సంకెల. చాకలివారు గడీలోని బట్టలు ఉతికి, నీళ్లు మోసి, దొర యింటి శుభాశుభములకు చాకిరి చేయవలెను. కుమ్మరివారు కుండలీయవలెను. మాదిగవారు చెప్పులును, మోటకు కావలసిన తోళ్లును ఇచ్చుటయే గాక, జాబులు పట్టుకొని ఊరూర తిరుగవలెను. గొల్లవారు పండుగకు గొఱ్ఱెను, గౌండ్లవారు కల్లును, సాలెవారు బట్టను అప్పగింపవలెను. తుదకు కోమటి అంగడిలోని సరకునకును వెల లేదు. రైతు తన చేను ఎండుచున్నను ముందుగా దొర చేను దున్నవలెను. సర్కారు ఉద్యోగి ఊరికి వచ్చినచో అతని గుఱ్ఱమునకు గడ్డి మొదలు అతని పళ్లెములోని కోడి వరకు ఊరిమీదనే. బాలింతయైనను, పసిబిడ్డ తల్లియైనను నాటు వేయుటకు రావలసినదే. ఇక అప్పు తీసికొన్న జీతగాని సంగతి వేఱు. ఒక పుట్టి ధాన్యమునకు ఒకటిన్నర పుట్టి తిరిగి యీయవలెనను ఆ వడ్డీని మా ప్రాంతమున "నాగు" అందురు. వినత సేవించినదియు నాగులనే గదా! తండ్రి తీసికొన్న నాగు తీఱక కొడుకు జీతగా డగును. కొడుకుది తీఱక మనుమడు.

ఆ దినములలో పేదవాడు దొర యెదుట నిలిచి పలుకు మొదటి మాట "నీ బాంచెను, నీ కాల్మొక్కుత". బాంచ యనగా దాసి. నమస్కారమునకు బదులు "నేను నీ దాసిని" అని చెప్పుకొనుట యే దేశమున నుండెనో మాకు తెలియదు. మన దేశమున బానిసలు లేరని వ్రాసిన బాలికకు ఆ యొక్క మాట వినిపించిన చాలుననిపించినది.

ఈ కట్టు ఎట్లు బిగిసెనో కొంత చెప్పవలెను. నిజాం రాజ్యమున నూటికి 40 పాళ్ల భూమి జాగీర్దారులదియు, నిజాం సొంత ఖర్చులకై యుంచుకొనిన సర్ఫెఖాసుదియు. మిగిలిన 60 పాళ్లు దివానీ, అనగా సర్కారు శిస్తు భూమి. అమెరికాలో దాస్యనిషేధము జరిగిన 1865వ సంవత్సరముననే హైదరాబాదులో సాలార్‌జంగు మంత్రి జిలాబందీ యను కొత్త జిల్లాల పద్ధతిని పెట్టి, శిస్తు వసూలును గుత్తకు పట్టిన దేశ్‌ముఖులను, దేశ్‌పాండ్యాలను ఆ పనినుండి తప్పించి, బదులుగా వతనుల నిచ్చెను. పని పోయెను గాని పెత్తనము పోలేదు. భూమిని కొలిచి పట్టాలు వ్రాయు సమయమున మంచి మాగాణి లన్నియు వారి పేర ఎక్కినవి. వాటిని తరతరములుగ దున్నిన రైతులు ఒక్క వ్రాతతో కౌలుదార్లయిరి. విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డికి 40 వేల యెకరములనియు, జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబమునకు లక్షన్నర యెకరములనియు లెక్క చెప్పుదురు. అంత భూమిని కూలి యిచ్చి సేద్యము చేయించిన మిగులునది స్వల్పము. కాబట్టి వెట్టి దొరతనపు దర్పము మాత్రమే గాదు, దానికి పునాది. వెట్టిని మాన్పించుచు నిజాం ప్రభుత్వమువారు ఉత్తరువులు వెలువరింపకపోలేదు. అవి గడీ గడప దాటి లోనికి పోలేదు.

ఇక మగవారి చరిత్రలలో నొక పంక్తితో దాటిపోవు సంగతి యొకటి కలదు. సోదరీమణులు చదువు పత్రికలో దానిని దాటిపోవుట తగదు. గడీలలో "ఆడబాప" లను స్త్రీ లుండెడివారు. దొర కూతురు అత్తవారింటికి పోవునపుడు సారెతోపాటు ఒక పిల్లను పంపెడివారు. ఆమె దొరసాని తల దువ్వును, కాళ్లొత్తును, బిడ్డల నెత్తును. ఆ యింటి మగవా డెవడు పిలిచినను కాదనుటకు లేదు. ఆమెకు పెండ్లి లేదు. ఆమె బిడ్డలకు తండ్రి పేరు లేదు. ఆడపిల్ల పుట్టిన, తరువాతి తరపు సారెకు సిద్ధమైనట్లే. అమెరికాలోని దాసులను పురుషులు కొని అమ్మిరని చదువుదుము. ఆడబాపను మాత్రము తల్లి కూతున కిచ్చెను. కూతురు తన కూతున కిచ్చెను. పుట్టినింటి ప్రేమకు గుర్తుగా నిచ్చెను. ఈ దాస్యము ఆడవారి చేతులమీదుగా నడచినదని వ్రాయుటకు మాకు కష్టముగా నున్నది గాని, వ్రాయక తప్పదు.

గరుత్మంతుని ప్రశ్న యెప్పుడు పుట్టినది? 1921లో హైదరాబాదులో ఆంధ్ర జనసంఘము ఏర్పడినది. అదియే పెరిగి 1930లో మెదకు జిల్లా జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభగా కూడినది. ఆ తావుననే స్త్రీల సభయు జరిగినది. ఆ కాలపు పెద్దలు గ్రంథాలయములు పెట్టిరి, తెలుగు బడులు కోరిరి, వెట్టిపై తీర్మానములును చేసిరి. తీర్మానములు విన్నపములుగా పోయి విన్నపములుగానే యుండెను. 1944లో భువనగిరి సభకు రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులైన పిమ్మట సభ రెండుగా చీలినది. సభ్యత్వపు రుసుము ఒక అణా యైనది. అణా ఇచ్చిన చాకలికిని మాదిగకును రసీదుమీద పేరు వ్రాసి యిచ్చిరి. అంతకు ముందు వారి పేరు కాగితమున కెక్కినది అప్పు పత్రములయందే. పల్లెలలో దానికి "సంఘము" అనియే పేరు. చీటీల రాజ్యమని గడీలవారు వెక్కిరించిరట.

శివరాత్రికి సోమేశ్వరుని దర్శనార్థమై మేము పాలకుర్తికి పోవుచుందుము. గుట్టపైని ఆ దేవుని చూచునపుడెల్ల మాకు పాల్కురికి సోమనాథుడు జ్ఞప్తికి వచ్చును. ఆయన తన బసవపురాణమున మడివాలు మాచయ్య యను చాకలి భక్తుని కథను రాజులకథ కంటె గొప్పగా చెప్పినాడు. ఆ పాలకుర్తిలోనే చిట్యాల ఐలమ్మ యను చాకలి స్త్రీ, మల్లంపల్లి భూస్వాముల భూమిని కౌలునకు తీసికొని సేద్యము చేసికొనుచుండెను. ఇంటిల్లిపాదియు సంఘములో చేరిరి. చాకలిది సేద్యము చేయుటయే ఒక తప్పు. సంఘములో చేరుట రెండవ తప్పు. వెట్టికి రమ్మన్నచో రాననిరి. దేశ్‌ముఖు ఆమె కుటుంబముపై కేసులు పెట్టించెను, అవి నిలువలేదు. అంతట 1945-46 ప్రాంతమున, పండిన పైరును కోసికొని పొమ్మని మనుష్యులను గుంపుగా పంపెను. సంఘపు వాలంటీర్లు కఱ్ఱలతో అడ్డుపడి, పంటను కోసి, ఐలమ్మ యింటికి జేర్చిరి. తరువాత ఆమె యిల్లు తగులబెట్టిరి, కుమారులను చెరబెట్టిరి. భూమిని మాత్రము ఆమె విడువలేదు.

ఈ కథను నేడు పిల్లలందఱు వినుచున్నారు. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టబడినది. కాని ఆ వరికుప్ప ఎంత యుండెనో యూహింపుడు. నాలుగెకరముల పంట. నలువది వేల యెకరముల వానికి ఆ ధాన్య మెందులకు? అది చాకలియింట నిలిచినచో తక్కిన యూళ్లలో చాకలి నీళ్ల కుండ నెత్తడని అతనికి తెలిసియుండును. అతడు తెలివిమాలినవాడు కాడు.

ఆ భయము నిజమైనది. 1946 జూలై 4వ తేదీన కడవెండి గ్రామమున సంఘమువారు ఊరేగింపుగా పోవుచుండగా, దేశ్‌ముఖు తల్లి జానకమ్మ కాపురమున్న గడీనుండి తుపాకులు పేలినవి. దొడ్డి కొమరయ్య యను కురుమ యువకుడు అక్కడనే పడిపోయెను, అతని యన్న మల్లయ్య గాయపడెను. గడీలో నున్నది ఒక దొరసాని. వెట్టి వసూలులో కుమారుని మించినదని ఆ చుట్టుపట్ల ప్రతీతి. కొమరయ్య మరణానంతరము ఊరేగింపులు ఊరినుండి ఊరికి పాకినవి. కొన్ని వారములలో నల్లగొండ, వరంగల్లు జిల్లాలయందు వందలకొలది పల్లెలలో వెట్టి నిలిచిపోయెను. ఉత్తరువు లేదు, చట్టము లేదు. ఒక యుదయమున పనివారు రాలేదు, అంతే.

ఆ యుదయము మా యింటి కథలో నున్నది. మా అమ్మమ్మ ఆ యేటనే పదునాలుగేండ్ల యీడున కాపురమునకు వచ్చినది. ఆమె మామగారు జనగామ తాలూకాలో నొక చిన్న యూరికి పట్వారీ. పట్వారీ దొర కాడు గాని, దొర లెక్క వ్రాయువాడు. దొర విస్తరిలో మిగిలినది అతనికిని దక్కును. వారి యింటికి నీళ్లు వచ్చుచుండెను, మోదుగాకులు వచ్చుచుండెను, కట్టెలు వచ్చుచుండెను, కుండలు వచ్చుచుండెను. "వచ్చుచుండెను" అనియే అమ్మమ్మ చెప్పెడిది. ఎవరు తెచ్చిరో చెప్పెడిది కాదు. వానకాలములో నొకనాడు ఏవియు రాలేదు. రెండు దినములకు గోలెము అడుగంటినది. మూడవనాడు విడిచిన బట్టలు కుప్పబడి, అత్తగారు తలుపు చాటున కన్నీరు పెట్టుకొనుచుండగా, ఇంటిలో చిన్నది గనుక అమ్మమ్మయే మూటగట్టుకొని చెరువునకు పోయినది. బండపై బట్ట కొట్టుట ఎన్నడు నెఱుగదు. చెరువుగట్టున నున్న ఆడవారందఱు పని మాని చూచుచు నిలిచిరట; ఒక్కరును నవ్వలేదట. అంతవఱకు వారింటి బట్టలుతికిన చాకలామె దగ్గఱకు వచ్చి, "అట్ల గొట్టిన చిరుగుతది దొరసానీ, రెండు మడతలు వెయ్యి" అని చెప్పి, ఒకసారి తన బట్టతో చేసి చూపి, తన మూట నెత్తికెత్తుకొని వెడలిపోయెను. మా మూటను ముట్టలేదు.

అమ్మమ్మ మా చిన్ననాట ఈ కథను తన కష్టముగా చెప్పుచుండెడిది. చేతులు బొబ్బలెక్కినవని చూపెడిది. అవసానకాలమున మంచములో నుండి ఒకసారి "ఆమె పేరేమి?" అని మమ్మడిగినది. మా కెట్లు తెలియును? అందఱును చాకలిది యనియే పిలిచిరి. అమ్మమ్మ ఆ పేరు వెదకుకొనుచు ఆ రాత్రి యంతయు నిదురపోలేదు.

వెట్టి మానుటతో కథ ముగియలేదు. యుద్ధ మప్పుడే మొదలైనది. 1946 చివర సర్కారు సంఘమును నిషేధించి సైన్యమును పంపినది. పల్లెలవారి యాయుధములు వడిసెలలు, గుదియలు. ఆడవారివి కారపుపొడి, రోకలి. మఱుసటి యేట బ్రిటిషువారు వెడలుచుండగా నిజాం తాను స్వతంత్రుడనని ప్రకటించుకొనెను. ఖాసిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు విజృంభించిరి. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ గార్లు సాయుధపోరాటమునకు పిలుపునిచ్చిరి. మా వరంగల్లువారు ఆ రోజులను తమ దారిలో జ్ఞప్తియుంచుకొనినారు: 1946 ఆగష్టులో కోటలో జెండా యెగురవేసినందులకు బత్తిని మొగిలయ్యను చంపుట, 1947 సెప్టెంబరు 2న పరకాలలో జెండా పట్టిన జనముపై కాల్పులు. 1948 ఆగష్టు 27న బైరాన్‌పల్లిలో ఎనుబదిమందికి పైగా హతులైరి. ఆ బురుజు నేటికిని నిలిచియున్నది.

దీనిని హిందువులకును ముసల్మానులకును జరిగిన పోరుగా చెప్పువారు కలరు. మే మొప్పుకొనము. దేశ్‌ముఖు నెదిరించి, న్యాయస్థానమున గెలిచి, 1940లో అతని మనుష్యుల చేత హతుడైన కామారెడ్డిగూడెపు షేక్ బందగీ ముసల్మాను. ఆయన కథ ఆధారముగనే "మా భూమి" నాటకము పుట్టినది. పిలుపునిచ్చిన మువ్వురిలో మఖ్దూం గారు ఉర్దూ కవి. మఱి రజాకార్లకు గడీలలో దిగుటకు చోటిచ్చిన దొరలు తులసికోటకు ప్రదక్షిణము చేయువారే. ఒకే యూరు, ఒకే భాష, ఒకే బావి యనుటకు మాత్రము వీలులేదు, బావులు వేఱు. అయినను ఇది పొరుగు రాజుతో యుద్ధము కాదు. అన్నము వండించుకొనిన యింటికిని, వండిన యింటికిని నడుమ జరిగినది. అందువలననే దీనిని అంతర్యుద్ధ మనుచున్నాము.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశించినది. 17వ తేదీన నిజాం లొంగెను. ఆ పిమ్మటి వారములలో, ముఖ్యముగా మరాఠీ జిల్లాలయందు, ఏ పాపము నెఱుగని ముసల్మానులు వేలకొలది చంపబడిరి. నెహ్రూగారు పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ సంఖ్యను 27 వేలకును 40 వేలకును నడుమ వేసినది. విజయోత్సవపు ప్రసంగములలో ఆ లెక్క వినబడదు. ఇక పల్లెలకు సైన్యము వెంటనే, పాఱిపోయిన దొరలును తిరిగి వచ్చిరి. వారు పోయినపుడు ధరించిన కుళ్లాయి వేఱు, వచ్చినపుడు ధరించినది వేఱు. పోరు మానవలెనా, సాగింపవలెనా యని నాయకులలోనే వివాదము పుట్టెను. నిజాం లొంగిన తరువాత ఆయుధములు దింపవలసినదని రావి నారాయణరెడ్డిగారు తలంచిరి. దళములు గోదావరీతీరపు అడవులలోనికి పోయినవి. కోయగూడెములను తగులబెట్టి జనులను శిబిరములలోనికి తోలిరి. 1951 అక్టోబరులో పోరాట విరమణ ప్రకటింపబడెను. ఉద్యమ నాయకులగు పుచ్చలపల్లి సుందరయ్యగారి లెక్క ననుసరించి, 3 వేల గ్రామములలో ఈ పోరు నడచినది. 10 లక్షల యెకరములు పంచబడినవి. 4 వేలమంది మరణించిరి. 10 వేలమందికి పైగా మూడు నాలుగేండ్లు చెఱసాలలలో నుండిరి.

అమెరికా యుద్ధమున ఆఱు లక్షలకు పైగా చనిపోయిరి. దాస్యము పోయెను గాని విడుదలైన నలువది లక్షల మందికి భూమి రాలేదు. వారు తిరిగి పూర్వపు యజమాని పొలములోనే పాలికాపులైరి. ఇచ్చట క్రమము తలక్రిందులు: ముందు ప్రజలు వెట్టి మానిరి, భూమి తీసికొనిరి, చట్టములు వెనుక వచ్చినవి. 1949 ఆగష్టులో జాగీర్లు రద్దయినవి, 1950లో కౌలుదారీ చట్టము వచ్చినది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబాజీ యెదుట వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱెకరములు దానము చేసిరి. పంచిన భూమిలో చాల భాగమును సైన్యము అండతో దొరలు మరల లాగుకొనిరి. వెట్టిని మాత్రము పూర్వమువలె తిరిగి నిలుపలేకపోయిరి. అప్పు జీతము నశింపలేదు. 1976లో పార్లమెంటు దానికై వేఱొక చట్టము చేయవలసి వచ్చినది. ఆ తరువాత సయితము ఇటుకబట్టీలలో దాని ఛాయలు కనబడినవి.

ఆడవారి సంగతి. ఆరుట్ల కమలాదేవిగారు దళములో పనిచేసి, 1952లో ఆలేరునుండి శాసనసభకు ఎన్నికైరి. మల్లు స్వరాజ్యంగారు దొరల కుటుంబముననే పుట్టి, గడీలోని ధాన్యమును కూలివారికి పంచిన పిల్లయై, తుపాకి పట్టిరి. ఆమెను పట్టి యిచ్చినవారికి 10 వేల రూపాయల బహుమానము ప్రకటించిరి. 2022లో ఆమె స్వర్గస్థురాలగువఱకు సభలయందు ఆమె కంఠము తగ్గలేదు. తక్కిన వారి మాట? స్త్రీశక్తి సంఘటన వారు 1986లో "మనకు తెలియని మన చరిత్ర" యను గ్రంథమున వారి మాటలను సేకరించి ప్రకటించిరి. మా వారు గ్రంథాలయమునుండి తెచ్చి యిచ్చిరి. అడవిలో మగవారితో సమముగ నడచినవారు, పోరు ముగిసిన పిమ్మట ఇంటికి పోయి వంట చేసికొమ్మనిపించుకొనిరి. ఆ పుటలు చదువుచు మేము పొయ్యిమీది పాలు పొంగనిచ్చితిమి. ఆడబాపలు గడీల గోడలలోపల నుండిపోయిరి. తమ కథను తామే చెప్పుకొనినవారు బహుస్వల్పము. భూములకు పట్టిక వ్రాసిరి, పశువులకు పట్టిక వ్రాసిరి. గడీనుండి వెడలిన ఆ స్త్రీ యెక్కడకు పోవలెను? పుట్టినిల్లు లేదు, అత్తిల్లు లేదు.

పట్టిక యన్నమాట రాగా చెప్పెదము. అమ్మమ్మ పోయిన పిమ్మట ఆమె పెట్టెలో మా ముత్తాతగారి లెక్కల పుస్తక మొకటి దొరకినది. పట్వారీ దస్తూరి ముత్యములవలె నుండును. అందు నొక పుటలో దొర యింటి పెండ్లికి వ్రాసియిచ్చిన సారె జాబితా నకలు గలదు. కంచు చెంబులు, ఇత్తడి బిందెలు, పట్టుచీరలు, పాడియావులు రెండు. ఆవులకు గుర్తులు వ్రాసినారు: ఒకటి కపిల, చుక్క నొసలు, రెండవది ఎఱుపు, కుడికొమ్ము వంకర. వాని క్రింద: ఆడబాప 1. అంతే. వయస్సు లేదు, గుర్తు లేదు, పేరు లేదు.

మఱునాడు మా వారు ఆ బాలిక పత్రమునకు పూర్తి మార్కులిచ్చి, ఆ చివరి వాక్యము క్రింద, "మీ నాయనమ్మ నడిగి వ్రాసికొని రమ్ము" అని వ్రాసిరి. ఆమె యింకను తెచ్చి చూపలేదు. చదువరులగు సోదరీమణులలో నెవరి యింటనైనను పెద్దలు, ఒకప్పుడు తమ యింటనో గడీలోనో పనిచేసిన స్త్రీల పేర్లెఱిగియున్నచో, వినిన పేరును విన్నట్లుగా వ్రాసి యీ పుటకు పంపుడు. ఊరగాయలు వచ్చు మాసము.